కోచ్ చెబితే వింటారు

న్యూజెర్సీ రాష్ట్రం పిస్కాటవేలో ఉన్న తెలుగువాళ్లెవరూ దైవాశీర్వాదం మాటకి అడ్డు చెప్పేవారు కాదు. భయపడి కాదు, అడ్డు చెబితే ఆ మాట ఇంకాస్త పొడుగవుతుందని. మనిషి మాత్రం బంగారం. మందుల కంపెనీ ల్యాబ్‌లో కెమిస్టు. పొద్దస్తమానం మాత్రలు కరిగించి అందులో మందు ఏ మేరకు ఉందో తేల్చడం ఆయన ఉద్యోగం. ఇంటికొచ్చాక కూడా అదే బుద్ధి. ఆదివారం ఆరాధనకి ఎవరొచ్చారు, ఎవరు రాలేదు, రానివాళ్లకి నిజంగానే జ్వరమా లేక టీవీలో ఏదైనా ఆటా, ఇదంతా తేలితే గాని ఆయనకి ముద్ద దిగేది కాదు.

సొంతూరు సత్తెనపల్లి దగ్గర. తండ్రి లూథరన్ మిషన్ బడిలో పంతులు. భార్య కరుణమ్మ గుంటూరులో నర్సు ట్రైనింగ్ పూర్తి చేసి, అరవై తొమ్మిదిలో న్యూజెర్సీ ఆసుపత్రిలో ఉద్యోగం వస్తే ముందు తనే విమానం ఎక్కింది. ఏడాది తిరక్కుండా ఆవిడ వీసా మీద ఈయన వచ్చాడు. "పెళ్లాం కొంగు పట్టుకుని అమెరికా వచ్చినవాణ్ణి నేను" అని నలుగురిలో తనే చెప్పుకుని నవ్వేవాడు. వచ్చిన కొత్తలో పెట్రోలు బంకులో పనిచేశాడు, సాయంత్రాలు చదువుకున్నాడు, కెమిస్టయ్యాడు. నవోమి ఇక్కడే పుట్టింది. ఒక్కతే కూతురు.

ఆయన జీవితంలో ఇదీ నేను చేసిన పని అని చెప్పుకోదగ్గది ఏదైనా ఉంటే అది తెలుగు ఆరాధన. మొదట్లో వాళ్ల అపార్ట్‌మెంట్ హాల్లో నాలుగు కుటుంబాలతో మొదలైంది. జనం పెరిగాక దగ్గర్లోని లూథరన్ చర్చి పాస్టరు పెద్దమనసు చేసుకుని బేస్‌మెంట్ హాలు ఇచ్చాడు. పొద్దున పైన అమెరికన్ల ఆరాధన, మధ్యాహ్నం రెండింటికి కింద మనవాళ్లది. గుమ్మం బయట చెప్పులు విడవాలి, కింద చాపల మీద కూర్చోవాలి, మగవాళ్లు ఒక పక్క, ఆడవాళ్లు ఒక పక్క, గుంటూరులో ఎలాగో ఇక్కడా అలాగే. మంచు పడే రోజుల్లో ఆ బూట్లూ మేజోళ్లూ విప్పేసరికి మొదటి ప్రార్థన అయిపోయేది. అయినా బూట్లతో లోపలికి రావడానికి దైవాశీర్వాదం ససేమిరా ఒప్పుకునేవాడు కాదు. వాక్యం చెప్పడం ప్రేమానందం వంతు. ఆయన ఇన్సూరెన్సు ఆఫీసులో గుమాస్తా, గొంతు మాత్రం కంచు. హార్మోనియం నవోమిది. తెలుగు చదవడం రాకపోయినా పాత కీర్తనలన్నీ ఆ పిల్ల చూడకుండా వాయించేది. దేశం కాని దేశంలో తను ఏదో నిలబెట్టానన్న నమ్మకమంతా దైవాశీర్వాదానికి ఆ పిల్ల వేళ్ల మీదే ఉండేది.

ఇక ఆ జర్మన్ సంగతి.

ఎర్విన్ హోల్ట్‌మన్ ఫుట్‌బాల్ ఆటగాడు. ఇక్కడివాళ్లు చేత్తో పట్టుకుని పరిగెత్తే ఫుట్‌బాల్ కాదు, మనం కాలితో ఆడేది. దాన్ని వీళ్లు సాకర్ అంటారు. డెబ్బై ఎనిమిదిలో న్యూజెర్సీ టీముకి ఆడడానికి వచ్చాడు. అప్పటికే ముప్పై దాటినవాడు, ఒక మోకాలు సగం పాడైనవాడు. అయినా ఆ రోజుల్లో ఆ పిచ్చి ఏ స్థాయిలో ఉండేదో చూసినవాళ్లకే తెలుసు. స్టేడియం నిండిపోయేది. ఆఫ్‌సైడ్ అంటే ఏమిటో తెలియనివాళ్లు కూడా అతను బంతి తాకగానే లేచి నిలబడేవారు. మంగలి షాపులో అతని ఫోటో, డ్రైక్లీనింగ్ షాపులో అతని ఫోటో. డోనట్ షాపు ఆసామి అయితే అతను కాఫీ తాగిన కప్పు కడక్కుండా అద్దాల బీరువాలో పెట్టుకున్నాడు. ఆట మానేశాక స్వదేశం వెళ్లిపోతాడని అందరూ దిగులుపడితే, అతను వెళ్లలేదు సరికదా ఆ చుట్టుపక్కలే ఇల్లు కొనుక్కుని పిల్లల క్లబ్బుకి కోచ్‌గా చేరాడు.

అప్పుడు మొదలైంది అసలు వైభోగం. ప్రాక్టీసు రోజున గ్రౌండ్ చుట్టూ కార్లు బారులు తీరేవి. బేస్‌బాల్ తప్ప ఇంకో ఆట ఎరగని తండ్రులు కూడా టోపీలు చేతపట్టుకుని అతని సంతకం కోసం నిలబడేవారు. తల్లులు కేకులు చేసుకొచ్చేవారు. అతను మోకాలి నొప్పితో కాస్త కుంటేవాడా, పిల్లలూ కాస్త కుంటడం మొదలుపెట్టారు. అతను ఎవరి మీదా అరిచేవాడు కాదు. బాగా ఆడిన పిల్లల బుగ్గ మీద రెండు వేళ్లతో చిన్నగా తట్టేవాడు, అంతే. ఆ రెండు వేళ్ల కోసం పిల్లలు వానలో, బురదలో పొర్లేవారు. మన తెలుగిళ్లలో కూడా అన్నం తినని పిల్లకి "కోచ్‌తో చెప్పమంటావా?" అంటే చాలు, పళ్లెం ఖాళీ.

పిల్లల చేత కసరత్తు చేయించేటప్పుడు అతను జర్మన్‌లో లెక్కపెట్టించేవాడు. తెలుగులో అయిదు దాటి లెక్కపెట్టలేని మన పిల్లలు జర్మన్‌లో ఇరవై దాకా గడగడా అప్పజెప్పేవారు. ఒకరోజు వంటింట్లో నవోమి బియ్యం కొలుస్తూ "ఐన్స్, త్స్వై, ద్రై" అనడం దైవాశీర్వాదం చెవిన పడింది. తెలుగు అంకెలేమయ్యాయని అడగబోయాడు. కానీ వెంటనే సర్దుకున్నాడు. ఎంతైనా తమ సంఘానికి మూలపురుషుడు లూథరు పుట్టిన దేశం వాడు కదా. చిన్నప్పుడు సత్తెనపల్లి చర్చిలో తను పాడిన కీర్తనల్లో సగం జర్మన్ రాగాలే కదా. "కోచ్ మనవాడేనండీ, మన సంఘం వాడే" అని అందరితో చెప్పడం మొదలుపెట్టాడు. ఎవరూ కాదనలేదు. ఆ మాట నిజమో కాదో కనుక్కోవాలని ఆయనకీ తోచలేదు.

ఎనభై నాలుగు సెప్టెంబరులో నవోమిని క్లబ్బులో ఆడపిల్లల పెద్ద టీముకి గోల్‌కీపర్‌గా తీసుకున్నారు. ఆ టీము ఆటలన్నీ ఆదివారం మధ్యాహ్నం రెండింటికి.

"వీళ్లకి వేరే రోజే దొరకలేదా కరుణా?" అన్నాడు దైవాశీర్వాదం.

"శనివారం గ్రౌండ్ అబ్బాయిలకటండీ. లీగ్ వాళ్ల షెడ్యూల్. మనం మారిస్తే మారేది కాదు."

"అయితే మానెయ్యమను."

"నేనెందుకు అనాలి? పక్కగదిలోనే ఉంది. మీరే చెప్పండి."

ఆయన పేపరు దించకుండా, పక్కగదికి వినపడేలా, "ఆదివారం దేవుడిది. అంతే" అన్నాడు. నవోమి లేచి మేడ మీదకి వెళ్లి తలుపేసుకుంది. ఆ వారమంతా ఇంట్లో ఎవరితోనూ మాట్లాడలేదు, సరిగ్గా తినలేదు. చివరికి కరుణమ్మే తెగించి, "ఈ ఒక్క సీజన్ పోనివ్వండి. నేను తీసుకెళ్తాను, నేను తీసుకొస్తాను" అంది. ఆయన సరేననలేదు, వద్దనలేదు. ఆ ఇంట్లో దాన్ని సరే కిందే జమకట్టుకుంటారు.

ఇక హాల్లో హార్మోనియం పెట్టె మూతపడింది. ప్రేమానందం ఒక శ్రుతిలో ఎత్తుకున్న కీర్తన ఇంకో శ్రుతిలో తేలేది. అదైనా సహించొచ్చు. కానీ పిల్లలు "నవోమి అక్క వెళ్తోందిగా, మేమూ వెళ్తాం" అని మొదలుపెట్టారు. ముందు సుమతి గారి పిల్లలు, తర్వాత గోపాల్ గారి పిల్లలు. పిల్లలు రాకపోతే వాళ్లని దింపే తల్లులూ రారు. అక్టోబరు వచ్చేసరికి పరిచిన చాపల్లో సగం ఖాళీగా మిగిలేవి. వాటిని చుట్టి గోడకి ఆనించేటప్పుడు దైవాశీర్వాదానికి ఏడుపొచ్చినంత పనయ్యేది. ఇంకో ఏడాది ఇలాగే సాగితే ఇక్కడ తలుపు తీసేవాళ్లుండరని ఆయనకి తెలుసు.

అప్పుడు తట్టింది ఆయనకి ఆలోచన. పండినదాంట్లో కొంత దేవుడికి అర్పించే కోత పండుగకి కోచ్‌ని ముఖ్య అతిథిగా పిలవాలి. ఆదివారం దేవుడిదన్న ముక్క అతని నోటితో పిల్లలకి చెప్పించాలి. తండ్రి చెబితే వినరు, ప్రేమానందం చెబితే వినరు, కోచ్ చెబితే వింటారు. ప్రేమానందం కూడా, "భేషైన ఆలోచన బ్రదర్, దేవుడే ఇచ్చాడు" అన్నాడు. కోత పండుగ నాటి ఆదివారం టీముకి ఆట లేదని కరుణమ్మ ద్వారా తెలుసుకున్నారు. అదీ కలిసొచ్చింది.

మంగళవారం సాయంత్రం దైవాశీర్వాదం ల్యాబ్ నుంచి నేరుగా గ్రౌండ్‌కి డ్రైవ్ చేశాడు. కోచ్ చుట్టూ ఉన్న గుంపులోంచి దారి చేసుకుని వెళ్లి, నవోమి తండ్రినని పరిచయం చేసుకున్నాడు. కోచ్ ఆయన చెయ్యి పట్టుకుని ఊపి, "గోల్‌కీపర్ తండ్రి. సంతోషం" అన్నాడు ఇంగ్లీషులో, ముక్క ముక్కగా. పండుగ సంగతి చెబితే, "పాటలుంటాయా? భోజనం?" అని అడిగాడు.

"రెండూ ఉంటాయి. మేమూ లూథరన్లమే."

"నవోమి ఉంటుందా?"

"ఉంటుంది. హార్మోనియం వాయిస్తుంది."

"అయితే వస్తాను" అన్నాడు కోచ్. వచ్చి ఏం చెయ్యాలో దైవాశీర్వాదం చెప్పలేదు. చెప్పాలని అనుకోలేదు కూడా. మనలో ముఖ్య అతిథి అన్నాక దండ వేస్తారు, శాలువా కప్పుతారు, రెండు మాటలు చెప్పమంటారు. అది వేరే చెప్పాలా?

పండుగ రోజు ఆ బేస్‌మెంట్ చూడాలి. నెలల తరబడి మొహం చూపించనివాళ్లు ఎడిసన్ నుంచి, ఇంకా ఎక్కడెక్కడి నుంచో కార్లేసుకుని వచ్చారు. చాపలు చాలక దుప్పట్లు పరిచారు. పెరట్లో కాసిన సొరకాయలు, గుమ్మడికాయలు, ఆఖరి కోత గోంగూర కట్టలు తెచ్చి ముందు పేర్చారు. నవోమి చాలా రోజులకి హార్మోనియం ముందు కూర్చుంది. కోచ్ గుమ్మం దగ్గర అందరిలాగే బూట్లు విప్పి, మేజోళ్లతో లోపలికొచ్చి, మోకాలు వంగక ఒక కాలు చాచుకుని చాప మీద కూర్చున్నాడు. పిల్లలంతా అతని చుట్టూ చేరిపోయారు. కీర్తన పాడుతున్నప్పుడు కూడా వాళ్ల చూపులు పాటల పుస్తకం మీద లేవు.

దండ వేశారు, శాలువా కప్పారు, చేతిలో మంచి సొరకాయ ఒకటి పెట్టారు. దైవాశీర్వాదం లేచి, లూథరు దగ్గర మొదలుపెట్టి, గుంటూరు మిషన్ మీదుగా పిస్కాటవే దాకా నడిపించి, చివరికి, "ఇప్పుడు మన ప్రియమైన కోచ్ గారు ఆదివారాన్ని దేవుడి కోసం ఎందుకు ఉంచుకోవాలో పిల్లలకి చెబుతారు" అన్నాడు. తెలుగులో ఒకసారి, ఇంగ్లీషులో ఒకసారి.

కోచ్ సొరకాయతో సహా లేచి నిలబడ్డాడు.

"ఈ మాట చెప్పడానికి నన్ను పిలిచి ఉండాల్సింది కాదు" అన్నాడు. "నేను చర్చికి వెళ్లి ఎన్నేళ్లయిందో నాకే గుర్తులేదు. ఆదివారాలన్నీ ఆడుతూనే గడిపాను. నేను చెయ్యని పని మిమ్మల్ని ఎలా చెయ్యమంటాను? గోల్ ముందు ఎలా నిలబడాలో అడగండి, చెబుతాను. భోజనానికి పిలిచినందుకు థాంక్స్."

మరుక్షణం పిల్లలు చప్పట్లు కొట్టారు. అతను ఏం చెప్పాడన్నది వాళ్లకి అక్కర్లేదు, చెప్పింది అతను కాబట్టి కొట్టారు. వాళ్లని చూసి కొందరు తల్లులు కూడా కొట్టారు. ప్రేమానందం తల దించుకున్నాడు.

వడ్డన మొదలయ్యేసరికి కోచ్ కనపడలేదు. దైవాశీర్వాదం బయటికొచ్చి చూస్తే మెట్ల మీద కూర్చుని, మెడలో దండ, భుజాన శాలువా, పక్కన సొరకాయ, ఆ చెప్పుల గుట్టలో తన బూట్లు వెతుక్కుంటున్నాడు.

"మా వాళ్లందరి ముందూ నా పరువు తీశారు" అన్నాడు దైవాశీర్వాదం.

"ముందే అడిగి ఉంటే రానని చెప్పేవాణ్ణి."

"లూథరు దేశం వారు కదా అనుకున్నాను."

"మీ దేశంలో అందరూ ఒక్కలాగే ఉంటారా?"

దైవాశీర్వాదానికి కోపం ఉంది, కోపం కింద ఇంకేదో ఉంది. "మీకు ఊరు ఊరంతా ఉంది. నాకున్నది ఈ చాపల మీద కూర్చునే నలుగురు. నా కూతురు రాకపోతే ఆ నలుగురూ రారు. మీరు చెబితే అది వింటుంది. ఒక్క మాట చెప్పండి, చాలు" అన్నాడు. తను బతిమాలుతున్నాడని అప్పుడు తెలిసింది ఆయనకి.

కోచ్‌కి ఒక బూటు దొరికింది. దాని లేసు కడుతూ, "వింటుంది. రేపే చెబుతాను. వచ్చే ఆదివారం ఆ పెట్టె ముందు కూర్చుంటుంది. చెప్పమంటారా?" అన్నాడు.

ఇంత దూరం వచ్చింది ఆ మాట కోసమే. చెప్పండి అంటే పని అయిపోతుంది. దైవాశీర్వాదం ఆ మాట అనకుండా వంగి, గుట్టలో రెండో బూటు వెతకసాగాడు.

"మా నాన్న మా ఊరి చర్చిలో గంట కొట్టేవాడు" అన్నాడు కోచ్ తలెత్తకుండా. "ఆదివారం నేను ఆటకి పోతుంటే నాతో ఏమీ అనేవాడు కాదు. పాస్టరు చేత చెప్పించాడు. ఆ పాస్టరంటే నాకు ఇష్టం. ఆ చలికాలమంతా ఆయన కోసం చర్చికి వెళ్లాను. తర్వాత ఆయనకి వేరే ఊరికి బదిలీ అయింది. నేను మళ్లీ ఆటకి పోయాను. నాన్నే నన్ను అడిగి ఉంటే ఏం చేసేవాణ్ణో తెలియదు. ఆయన అడగలేదు." రెండో బూటు కూడా తొడుక్కుని, శాలువా మడిచి, సొరకాయ చంకన పెట్టుకుని కుంటుతూ కారు దగ్గరికి నడిచాడు. కిటికీలోంచి చూస్తున్న పిల్లలు చేతులూపారు.

ఆ వారమంతా దైవాశీర్వాదం ల్యాబ్‌లో ఉన్నా మనసు అక్కడ లేదు. కూతురితో తను ఏమేం అన్నాడో ఒక్కొక్కటీ తీసి చూసుకున్నాడు. ఆజ్ఞ ఇచ్చాడు. కరుణని చెప్పమన్నాడు. మౌనంగా ఉండి చూశాడు. చివరికి పరాయి మనిషి చేత చెప్పించబోయాడు. అడగడం మాత్రం చెయ్యలేదు. "అమ్మా, నువ్వు వాయిస్తుంటే నాకు బాగుంటుంది, వస్తావా" అంటే ఎంతసేపు? కానీ రాత్రి భోజనాల దగ్గర ఆ మాట కోసం నోరు తెరిస్తే, "హోంవర్క్ అయిందా?" అని వచ్చేది. ఆ పిల్ల "యా" అనేది. అంతటితో సరి.

ఆదివారం కరుణమ్మకి డ్యూటీ పడింది. నవోమిని టీములో పిల్ల రేణు వాళ్లమ్మ కారులో ఎక్కించుకెళ్లింది. దైవాశీర్వాదం సూటు వేసుకుని, బైబిలు తీసుకుని, ఎప్పట్లాగే అందరికంటే ముందు వెళ్లి హాలు తలుపు తీశాడు. చాపలు పరిచాడు. మూతపడిన హార్మోనియం వంక చూస్తూ కాసేపు నిలబడ్డాడు. ప్రేమానందం రాగానే, "ఈ పూట మీరు నడిపించండి బ్రదర్" అన్నాడు.

"ఒంట్లో బాగాలేదా?"

"బాగానే ఉంది. నవోమితో ఒక మాట మాట్లాడాలి."

గ్రౌండ్ చేరేసరికి ఆట మొదలైంది. వాన వెలిసి నేలంతా చిత్తడిగా ఉంది. అటు పక్క కోచ్, కోచ్ వెనక జనం. దైవాశీర్వాదం ఇటు పక్కన, నవోమి గోల్‌కి దగ్గర్లో, గీత బయట నిలబడ్డాడు. ఆట అయ్యాక అడగాలనుకున్నాడు. ముందు చూడడం మొదలుపెట్టాడు. ఇంట్లో యా, నో తప్ప మాట రాని పిల్ల ఇక్కడ తనకంటే పెద్ద పిల్లల్ని పేరు పెట్టి పిలిచి, నువ్విటు రా, నువ్వటు పో అని గదమాయిస్తోంది. ఒక బంతి గోలులోకి దూసుకొస్తే అడ్డంగా పడి రెండు చేతులతో ఆపింది. ఆ గొంతు, ఆ దూకుడు ఈ పిల్లవేనా అని నోరు తెరుచుకుని చూశాడు. ఆయనకి తెలియకుండానే చెయ్యి పైకి లేచింది.

నవోమి చూసింది. ఒకసారి చూసి తల తిప్పుకుని, మళ్లీ చూసింది. ఆ పిల్ల మొహం పాలిపోయింది. గోలు వదిలేసి ఆయన వైపు పరుగు తీసింది. వెనక జనం అరుస్తున్నారు. అవతలి టీము పిల్ల తన్నిన బంతి నెమ్మదిగా దొర్లుకుంటూ ఖాళీ గోలులోకి వెళ్లిపోయింది. నవోమి తిరిగి చూడలేదు.

"డాడీ, మమ్మీకి ఏమైంది?"

"మమ్మీకా? ఏం కాలేదమ్మా."

"యాక్సిడెంటా? రోడ్ అంతా వెట్‌గా ఉంది. చెప్పు డాడీ."

"ఏం కాలేదు. డ్యూటీలో ఉంది."

"మరి నువ్వెందుకు ఉన్నావ్ ఇక్కడ? ఇవాళ సండే. టూ దాటింది."

"నీ ఆట చూద్దామని వచ్చాను."

నవోమి ఒక్క క్షణం కూడా నమ్మలేదు. బురద గ్లవ్స్‌తో ఆయన సూటు చెయ్యి పట్టుకుని, "నువ్వు రావు డాడీ. నువ్వు ఎప్పుడూ రావు. ఎవరు చనిపోయారు, చెప్పు" అంది. కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి.

ఒట్టు పెట్టుకోకూడదని వాక్యం తీసి పిల్లలకి పాఠం చెప్పేవాడు ఆయనే. ఆ దైవాశీర్వాదం చంకలో ఉన్న బైబిలు తీసి, అంతమంది చూస్తుండగా దాని మీద చెయ్యి పెట్టి, "ఒట్టమ్మా. మీ అమ్మ బాగుంది. ఎవరూ పోలేదు. నిన్ను చూడ్డానికే వచ్చాను" అన్నాడు. అడగాలనుకున్న మాట అడగలేదు. నవోమి ఆ చేతి వంకా ఆయన మొహం వంకా చూసి, నమ్మీ నమ్మనట్టే వెనక్కి పరిగెత్తింది. గోలు చేరేలోపు రెండుసార్లు ఆగి, ఆయన ఇంకా అక్కడే ఉన్నాడా అని తిరిగి చూసుకుంది.